డైనోసార్ కడుపులో దొరికిన తిండి: తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపులో తిండి శిలాజంగా మిగలడమంటే ఏమిటి?

చనిపోయే సమయానికి జంతువు కడుపులోనో పేగుల్లోనో ఉన్న తిండి, ఆ జంతువుతో పాటే రాయిగా మారడం. మాంసాహార డైనోసార్ల విషయంలో ఆ తిండి దాదాపు ఎప్పుడూ ఎముకలు, పళ్ళు, చేప పొలుసుల రూపంలోనే కనిపిస్తుంది. మాంసం ముందే కరిగిపోతుంది.

తిండి గురించి చెప్పే శిలాజాలు ఇంకా ఉన్నాయి: రాయిగా మారిన పేడ, అరగక కక్కేసిన ఉండలు, ఎముకల మీద పంటి గాట్లు. వాటిలో తిన్న జంతువు ఏదన్నది మనం ఊహించుకోవాల్సి వస్తుంది. కడుపులో దొరికితే ఆ పేచీ లేదు. తిన్నదీ, తినబడ్డదీ ఒకే రాతిలో దొరుకుతాయి. కాకపోతే అది ఒక్క పూట భోజనానికే సాక్ష్యం. ఈ పరిమితిని మరిచిపోవడం వల్లే ఈ రంగంలో చాలా తప్పుడు కథలు పుట్టాయి.

ఇంత అరుదుగా ఎందుకు దొరుకుతాయి?

మొదటి కారణం, జంతువు కడుపు నిండుగా ఉన్నప్పుడే చావాలి. జబ్బుతోనో ఆకలితోనో చచ్చినదాని కడుపులో ఏమీ ఉండదు. రెండోది, శవం త్వరగా పూడిపోవాలి. నీళ్ళలో పడిన శవం ఉబ్బి తేలుతుంది, కొన్నాళ్ళకు పొట్ట పగులుతుంది, లోపలిది కొట్టుకుపోతుంది. నేల మీద పడితే నక్కలాంటి జంతువులు ముందు పొట్టనే చీలుస్తాయి. మూడోది, బతికున్నప్పుడే కడుపులోని ఆమ్లం ఎముకను కరిగిస్తూ ఉంటుంది. మొసళ్ళు ఎముకను దాదాపు పూర్తిగా అరిగించుకుంటాయి. డైనోసార్‌కూ అదే శక్తి ఉంటే, తిన్న కొద్ది రోజుల్లోనే సాక్ష్యం మాయం.

అందుకే ఇవి ఎక్కువగా చైనాలోని లియావోనింగ్, జర్మనీలోని జోల్న్‌హోఫెన్ వంటి చోట్ల దొరికాయి. అక్కడ సరస్సు అడుగున, లాగూన్ (సముద్రం పక్కన నిలిచిన ఉప్పునీటి మడుగు) అడుగున సన్నటి బురదలో శవాలు చెదరకుండా పడుకున్నాయి. దీనివల్ల మనకు ఒక వంకర కూడా అంటింది. అలాంటి చోట్ల చిన్న జంతువులే ఎక్కువ, కాబట్టి కోడి సైజు డైనోసార్ల తిండి గురించి మనకు తెలిసినంత ఏనుగు సైజు వాటి తిండి గురించి తెలియదు.

పక్కటెముకల మధ్య చిన్న ఎముకలు కనిపిస్తే అది తిండేనని చెప్పేయొచ్చా?

చెప్పకూడదు. ఈ మొత్తం వ్యవహారంలో అసలు పని ఇదే.

మొదట చూడాల్సింది వరుస. మాంసాహార డైనోసార్‌కు వెన్ను నుంచి దిగే పక్కటెముకలతో పాటు, పొట్ట కింద సన్నటి ఎముకల జాలీ ఒకటి ఉంటుంది. దాన్ని గ్యాస్ట్రేలియా అంటారు. పక్కకు ఒరిగి పడుకున్న అస్థిపంజరంలో చిన్న ఎముకల పైన ఒక వైపు పక్కటెముకలు, కింద రెండో వైపు పక్కటెముకలు రావాలి. చిన్న ఎముకలు అన్ని పక్కటెముకలకూ పైనే ఉంటే, లేదా అన్నిటికీ కిందే ఉంటే, ఆ శవం వేరే శవం మీద పడి ఉండొచ్చు. రెండోది, ఎముకలు పొట్ట భాగంలో గుంపుగా ఉండాలి, అస్థిపంజరం బయట అదే జాతి ఎముకలు చెల్లాచెదురుగా ఉండకూడదు. బయట కూడా ఉంటే వరద తెచ్చి పోసిన ఎముకలు కావచ్చు. మూడోది, ఆమ్లం తిన్న గుర్తులు. నాలుగోది, ఆ ఎముకలు ఏ జాతివో విడిగా తేలాలి.

నాలుగోది పట్టించుకోకపోతే ఏమవుతుందో సీలోఫైసిస్ కథ చెబుతుంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఘోస్ట్ రాంచ్ అనే చోట 1947లో ఈ డైనోసార్ అస్థిపంజరాలు గుట్టలుగా దొరికాయి. రెండింటి పొట్టలో చిన్న ఎముకలు కనిపించాయి. అవి సీలోఫైసిస్ పిల్లలవేనని శిలాజ శాస్త్రవేత్త ఎడ్విన్ కోల్బర్ట్ రాశారు. తన పిల్లల్ని తానే తినే డైనోసార్‌గా అది దశాబ్దాల పాటు పుస్తకాల్లో, మ్యూజియం బోర్డుల మీద నిలిచిపోయింది. 2006లో స్టెర్లింగ్ నెస్బిట్ బృందం ఆ ఎముకల ఆకారాన్నీ, లోపలి కణజాలాన్నీ మళ్ళీ పరిశీలించింది. ఒకదానిలో ఉన్నవి మొసళ్ళ వంశానికి చెందిన చిన్న సరీసృపం ఎముకలని తేలింది. రెండో అస్థిపంజరంలో చిన్న ఎముకలు అసలు పొట్ట లోపల లేనే లేవు.

అంటే డైనోసార్లు తమ జాతిని తినేవి కావా?

తినేవి, కానీ ఆ సాక్ష్యం కడుపు నుంచి రాలేదు. మడగాస్కర్‌లోని మజుంగాసారస్ ఎముకల మీద మజుంగాసారస్ పంటి గాట్లే ఉన్నాయని 2003లో రేమండ్ రోజర్స్ బృందం చూపించింది. గాట్ల మధ్య దూరం, పళ్ళ అంచున ఉండే రంపపు గరుకు వేసిన గీతలు, రెండూ ఆ చుట్టుపక్కల ఒక్క మజుంగాసారస్ దవడకే సరిపోయాయి. మన గుజరాత్‌లో దొరికిన రాజాసారస్ దీనికి దగ్గరి చుట్టం.

కడుపులోని ఆమ్లం తిన్న ఎముక ఎలా కనిపిస్తుంది?

కీళ్ళ దగ్గర, అంచుల్లో ముందు పలచబడుతుంది. పై పొర నున్నగా అరిగిపోయి అక్కడక్కడా సన్నటి గుంటలు పడతాయి. ఎముక చివరలు తెరుచుకుని లోపలి స్పాంజి భాగం బయటపడుతుంది. పళ్ళ మీద ఇంకా స్పష్టం: మొసలి కడుపులోకి వెళ్ళిన పన్ను పై ఎనామెల్ పోయి, లోపలి డెంటిన్ మాత్రం మిగులుతుంది. గుడ్లగూబ కక్కిన ఉండలో ఎలుక ఎముకలు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటాయి, గద్ద ఉండలో మాత్రం బాగా కరిగి ఉంటాయి. కాబట్టి అరుగుదల ఎంతన్నది జీర్ణశక్తితో పాటు లోపల గడిపిన సమయాన్ని బట్టి కూడా మారుతుంది.

ఇక్కడ మోసపోయే దారులు రెండు. నేలలోని చెట్ల వేళ్ళు, ఆమ్ల గుణమున్న నీరు కూడా ఎముక మీద ఇలాంటి గుంటలే వేస్తాయి. అప్పుడు తిన్న జంతువు సొంత ఎముకలను కూడా చూడాలి. దాని ఎముకలూ అలాగే తినేసి ఉంటే అది నేల చేసిన పని. దాని ఎముకలు బాగుండి, పొట్టలోవి మాత్రమే అరిగి ఉంటే అది కడుపు చేసిన పని. రెండో మోసం ల్యాబ్‌లోనే జరుగుతుంది, దాని గురించి కింద రాశాం.

ఇప్పటివరకు దొరికిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది ఏది?

మా లెక్కలో కెనడాలోని ఆల్బర్టాలో దొరికిన గోర్గోసారస్ పిల్ల. టైరనోసారస్ కుటుంబానికి చెందిన ఈ అస్థిపంజరాన్ని 2009లో డైనోసార్ ప్రొవిన్షియల్ పార్క్‌లో తవ్వి తీశారు. వయసు సుమారు 7.5 కోట్ల ఏళ్ళు. రాయల్ టిరెల్ మ్యూజియం ల్యాబ్‌లో శుభ్రం చేస్తుండగా పక్కటెముకల మధ్య నుంచి చిన్న కాలివేళ్ళ ఎముకలు పొడుచుకొచ్చాయి. ఫ్రాన్స్వా తెరియెన్, డార్లా జెలెనిట్స్కీ బృందం దాని వివరాలు 2023 డిసెంబరులో ప్రచురించింది.

పొట్టలో ఉన్నవి సిటిపీస్ అనే, పక్షిలాంటి చిన్న డైనోసార్ల వెనక కాళ్ళు. రెండు పిల్లలవి, రెండూ ఏడాది కూడా నిండనివి, ఒక్కోటి 9 నుంచి 12 కిలోల బరువుండేవి. కాలి ఎముకలు తొడ నుంచి వేళ్ళ దాకా వరుస తప్పకుండా ఉన్నాయి, తోక ఎముకలు కొన్ని ఉన్నాయి. తల, మెడ, చేతులు లేవు. అంటే గోర్గోసారస్ మొత్తం జంతువును మింగలేదు, కండ ఎక్కువున్న కాళ్ళను చీల్చి మింగి, మిగతాది వదిలేసింది. ఇంకో విషయం, రెండు జతల కాళ్ళూ ఒకేలా అరగలేదు. ఒక జత మీద ఆమ్లం ఎక్కువ పనిచేసింది. కాబట్టి ఇవి ఒకే పూటవి కావు. వేర్వేరు సమయాల్లో అదే రకం పిల్లలను, అదే పద్ధతిలో తిన్నది. ఒక్క పూట యాదృచ్ఛికం అనుకున్నా, రెండు పూటలు అలవాటు వైపు మొగ్గుతాయి. ఒకే శిలాజంలో రెండు పూటల భోజనం దొరకడం దీని అసలు ప్రత్యేకత.

తిన్న జంతువు వయసు ఎముక లోపలి వలయాలను బట్టి 5 నుంచి 7 ఏళ్ళు, బరువు సుమారు 335 కిలోలు. పెద్ద గోర్గోసారస్ బరువు టన్నుల్లో ఉంటుంది, దవడ బలిష్ఠం, పళ్ళు లావు. పిల్లకు సన్నటి కాళ్ళు, కత్తుల్లాంటి పళ్ళు. పెద్దవి పెద్ద శాకాహారులను పడగొడుతుంటే, పిల్లలు వేగంగా పరుగెత్తే చిన్నవాటిని పట్టుకునేవన్న వాదన పుర్రెలను చూసి అంతకుముందే ఉంది. కడుపులోని తిండి దానికి దన్నుగా నిలిచింది.

మరి టైరనోసారస్ రెక్స్ సంగతేమిటి?

దాని విషయంలో పేడ, కాటు గాట్లే ఎక్కువ మాట్లాడతాయి. కెనడాలోని సస్కాచెవాన్‌లో దొరికిన ఒక శిలాజ పేడను 1998లో కారెన్ చిన్ బృందం వివరించింది. పొడవు 44 సెంటీమీటర్లు. దానిలో మూడో వంతు నుంచి సగం దాకా ఎముక ముక్కలే, అవి ఒక కుర్ర శాకాహార డైనోసార్‌వి. ఆ రాళ్ళ కాలంలో, ఆ చోట, అంత పెద్ద పేడ వేయగల మాంసాహారి టైరనోసారస్ ఒక్కటే కాబట్టి దాని ఖాతాలో వేశారు. ఎముక పూర్తిగా కరగకుండా ముక్కలుగానే బయటకు రావడం గమనించాల్సిన సంగతి: దీని జీర్ణశక్తి మొసలిది కాదు.

దాని బంధువు డాస్ప్లెటోసారస్‌కు కడుపు సాక్ష్యం ఉంది. మోంటానాలో దొరికిన ఒకదాని పొట్టలో, ఆమ్లం తిన్న బాతుమూతి డైనోసార్ పిల్ల వెన్నుపూసలను, దవడ ముక్కను డేవిడ్ వరిక్కియో 2001లో వివరించారు.

మాంసం అసలే మిగలదా?

చాలా అరుదుగా దాని గుర్తు మిగులుతుంది. ఆల్బర్టాలో దొరికిన టైరనోసారస్ జాతి పేడ ఒకదానిలో అరగని కండ పోగుల ఆకారం కనిపించిందని కారెన్ చిన్ బృందమే 2003లో రాసింది. ఇటలీలోని పియెట్రరోయాలో దొరికిన స్కిపియోనిక్స్ అనే పిల్ల డైనోసార్‌లో పేగులే రాతిగా నిలిచాయి, వాటిలో బల్లి ఎముకలు, చేప పొలుసులు ఉన్నాయి.

చేపలు తినే డైనోసార్లున్నాయని ఎలా తెలిసింది?

1983లో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో ఒక మట్టి గనిలో విలియం వాకర్‌కు పెద్ద గోరు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని తవ్వితే బ్యారియోనిక్స్ బయటపడింది. మొసలిలాంటి పొడవాటి మూతి చూసి చేపలు తినేదనుకున్నారు. పొట్ట భాగంలో ఆమ్లం తిన్న చేప పొలుసులు దొరకడంతో అది ఊహ దాటి సాక్ష్యం అయ్యింది. కానీ అక్కడే ఇగ్వానోడాన్ రకపు శాకాహార డైనోసార్ పిల్ల ఎముకలూ ఉన్నాయి. మూతి ఆకారం చూసి 'చేపలు మాత్రమే' అని తీర్పు చెప్పేవాళ్ళకు ఈ రెండో సంగతిని గుర్తుచేయాలి.

పళ్ళలోని కాల్షియం ఐసోటోపులు (కాల్షియంలోనే బరువు తేడా ఉన్న రకాలు) ఇంకో దారి. నైజర్, మొరాకోల్లో దొరికిన స్పైనోసార్ (బ్యారియోనిక్స్ కుటుంబం) పళ్ళ మీద 2018లో చేసిన పరిశీలన కూడా చేపల వైపే చూపింది. కడుపు ఒక పూటను చూపితే, పన్ను అది తయారైన నెలల తిండిని చూపుతుంది. రెండూ కలిస్తేనే ధైర్యంగా మాట్లాడొచ్చు.

ఒకే జాతికి చెందిన చాలా కడుపులు దొరికాయా?

లియావోనింగ్‌కు చెందిన మైక్రోరాప్టర్ ఆ అదృష్టం తెచ్చింది. సుమారు 12 కోట్ల ఏళ్ళ నాటిది, కాకి సైజు, నాలుగు రెక్కలు. దీని పొట్టలో 2011లో ఒక పక్షి, 2013లో చేప, 2019లో బల్లి, 2022లో చిన్న క్షీరదం పాదం ఉన్నట్టు వరుసగా ప్రచురించారు. మొదట పక్షి దొరికినప్పుడు చెట్లెక్కి వేటాడేదన్నారు. చేప రాగానే ఆ బొమ్మ చెదిరింది. చేతికి చిక్కిన చిన్న జంతువునల్లా తినేదన్నదే నాలుగు కడుపులకూ సరిపడే మాట.

ఆ బల్లిని తల ముందుగా, మొత్తంగా మింగింది. దానికి జింగ్‌మై ఓకానర్ బృందం ఇంద్రసారస్ అని పేరు పెట్టింది, వృత్రాసురుడు ఇంద్రుణ్ణి మింగిన కథను తలుచుకుని. నారాయణ కవచం కాపాడగా ఇంద్రుడు పొట్ట చీల్చుకుని బయటికొచ్చాడు, బల్లికి ఆ కవచం లేకపోయింది.

పొట్టలో ఉన్నది తిండి కాక, కడుపులోని పిల్ల అయితే?

ఈ అనుమానం పాతది. జర్మనీలో దొరికి 1859లో పేరు పెట్టుకున్న కాంప్సోగ్నాథస్ పొట్టలో చిన్న అస్థిపంజరం ఉందని 1881లో ఓ. సి. మార్ష్ గమనించి, పిండం అనుకున్నారు. 1903లో ఫ్రాంట్స్ నోప్చా అది బల్లి అని తేల్చారు. 2018లో ఆ బల్లికి షోనెస్మాల్ అని కొత్త పేరు వచ్చింది. డైనోసార్లు గుడ్లు పెట్టేవి కాబట్టి ఇప్పుడు ఈ ప్రశ్న పెద్దగా రాదు. పెంకు ఆనవాళ్ళు, ఎముకల జాతి చూస్తే తేలిపోతుంది.

వేటాడి తిన్నదో, చచ్చినదాన్ని తిన్నదో చెప్పగలమా?

కడుపు ఒక్కదాన్ని చూసి చెప్పలేం. మంగోలియాలో ఒక వెలోసిరాప్టర్ పొట్టలో అజ్డార్కిడ్ అనే ఎగిరే సరీసృపం ఎముక, సుమారు 7.5 సెంటీమీటర్లది, దొరికింది. వెలోసిరాప్టర్‌కు అంత పెద్ద జంతువును పడగొట్టడం కష్టం కాబట్టి శవాన్ని పీక్కుతిని ఉంటుందని పరిశోధకులు రాశారు. ఇది సైజును బట్టి చేసిన వాదన, ఎముక మీద రాసి ఉన్నది కాదు. వేటకు గట్టి సాక్ష్యం కావాలంటే కాటు పడ్డాక మానిన గాయం ఉండాలి. టైరనోసారస్ పన్ను ఇరుక్కుని, చుట్టూ కొత్త ఎముక పెరిగిన బాతుమూతి డైనోసార్ తోక పూసలు 2013లో అలా ప్రచురితమయ్యాయి. ఆ జంతువు తప్పించుకుని బతికింది.

పొట్టలో రాళ్ళు దొరికితే?

మాంసాహారుల్లోనూ అప్పుడప్పుడు దొరుకుతాయి. పోర్చుగల్‌లోని లౌరిన్యానోసారస్ పొట్టలో 32 రాళ్ళున్నాయి. కోడి కందనకాయలో రాళ్ళలా నూరడానికా, వేట పొట్టలోంచి వచ్చినవా, పొరపాటున మింగినవా అన్నది ఒక్క అస్థిపంజరంతో తేలదు. తిండి రకానికి రుజువుగా రాళ్ళను వాడకపోవడం మంచిది.

ల్యాబ్‌లో ఇలాంటి శిలాజాన్ని ఎలా శుభ్రం చేస్తారు, ఎక్కడ పాడవుతుంది?

ఎక్కువ నష్టం తవ్వే చోటే జరుగుతుంది. పెద్ద ఎముకలు తీసే తొందరలో పక్కటెముకల మధ్య మట్టిని పారతో గీకేస్తారు. కడుపు సాక్ష్యం ఉండేది ఆ మట్టిలోనే. అందుకే ఛాతీ, పొట్ట భాగాన్ని విప్పకుండా, తడి కాగితం కప్పి, ప్లాస్టర్‌లో ముంచిన గోనెగుడ్డ పట్టీలు చుట్టి ఒకే దిమ్మగా ఎత్తాలి. దిమ్మ మీద ఉత్తరం ఎటో, పైభాగం ఏదో గీసి రాయాలి. పైనా కిందా తారుమారైతే పైన చెప్పిన వరుస పరీక్ష చేయలేం.

ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద, గాలితో నడిచే చిన్న ఉలితో, సూదులతో ఒక్కో పొర తీస్తారు. పగుళ్ళకు అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు పోస్తారు. లోపలికి ఇంకాలంటే పలచగా, 5 శాతం దగ్గర ఉండాలి. చిక్కగా పోస్తే పైనే పొరకట్టి, ఆమ్లం వేసిన గుంటలను కప్పేస్తుంది. తీసిన మట్టిని పారేయకూడదు, అర మిల్లీమీటరు జల్లెడలో నీళ్ళతో కడిగి చూడాలి. చేప పొలుసులు, బల్లి పళ్ళు అక్కడే దొరుకుతాయి.

పైన చెప్పిన రెండో మోసం ఇదీ: సున్నపు రాయిలో ఉన్న ఎముకను బయటకు తీయడానికి 5 నుంచి 10 శాతం అసిటిక్ లేదా ఫార్మిక్ ఆమ్లంలో నానబెడతారు. దానికి కాల్షియం ఫాస్ఫేట్ కలపకపోయినా, తర్వాత రోజుల తరబడి మంచినీళ్ళలో కడగకపోయినా, ఆమ్లం ఎముకనే తింటుంది. అప్పుడు కనిపించే గుంటలు కడుపువా, తొట్టివా? ఎవరూ చెప్పలేరు. పొట్ట భాగానికి ఆమ్లం వాడకపోవడమే మేలు. తప్పనిసరైతే ముందే దగ్గరి ఫొటోలు, సీటీ స్కాన్ తీసి పెట్టాలి. సీటీ కూడా అన్నిసార్లూ పనిచేయదు. రాతిలో ఇనుము ఎక్కువుంటే చిత్రం చారలు పడుతుంది, ఎముక, రాయి ఒకే సాంద్రతతో ఉంటే రెండూ కలిసిపోతాయి.

నకిలీలుంటాయా?

కొని తెచ్చిన పలకల్లో ఉంటాయి. 1999లో ప్రచారమైన ఆర్కియోరాప్టర్‌లో పక్షి శరీరానికి డైనోసార్ తోక అతికించారు. ఆ తోక మైక్రోరాప్టర్‌దని తర్వాత తేలింది. కడుపు తిండి విషయంలో అతుకు చిన్నదైనా చాలు: పక్కటెముకల మధ్య పగులులో ఒక బల్లి ముక్క అతికిస్తే ధర పెరుగుతుంది. పగుళ్ళ గీతలు చిన్న ఎముకల గుండా కూడా తెగకుండా సాగుతున్నాయా, రాతి రేణువుల తీరు అంతటా ఒకటేనా, అతినీల కాంతిలో జిగురు వేరే రంగులో మెరుస్తోందా అని చూడాలి.

మన దగ్గర ఇలాంటిది దొరికిందా?

డైనోసార్‌లో కాదు గానీ, దాని దూరపు బంధువులో దొరికింది, అదీ తెలంగాణలోనే. ప్రాణహిత–గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి పొరలు ట్రయాసిక్ చివరి కాలానివి, 20 కోట్ల ఏళ్ళు దాటినవి. అక్కడ మొసలిలా ఉండే పారాసూకస్ అస్థిపంజరాలతో పాటు, పొడవాటి మెడ ఉన్న మరో సరీసృపం ఎముకలు దొరికాయి. శంకర్ చటర్జీ 1980లో దానికి మలేరిసారస్ అని పేరు పెట్టారు. పారాసూకస్ కడుపులోని తిండిగానే వాటిని వివరించారు. ఒక జాతి మొదటిసారి శాస్త్రానికి తెలియడమే ఇంకోదాని భోజనంగా తెలిసింది.

ఆ ప్రాంతంలో ఎముకలాంటి రాయి కనిపిస్తే పెకలించకండి. పక్కన స్కేలో నాణెమో పెట్టి ఫొటో తీయండి, జీపీఎస్ గుర్తు రాసుకోండి, హైదరాబాద్‌లోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయానికి తెలియజేయండి. కడగడం, జిగురు పూయడం రెండూ వద్దు.